తన్నితే గానీ వెలగని హీటరు

చలికాలం పొద్దున్నే డ్రైవింగ్ స్కూలు మాస్టారి ఇంట్లో ఒక తన్ను ఖాయం. తినేది కింది గదిలో ఉండి ఇల్లంతటికీ వేడిగాలి పంపే గ్యాసు హీటరు. మాస్టారు గోడమీద మీట తిప్పి, శాలువా కప్పుకుని మెట్లు దిగేవారు. హీటరు టక్కుమనేది, లోపలెక్కడో చిన్న ఫ్యాను గుర్రుమనేది, అంతే, ఎంతకీ వెచ్చదనం వచ్చేది కాదు. ఆయన కుడి మూల చూసి ఒక్కటి తన్నేవారు. కాసేపటికి ఇల్లంతా వేడిగాలి. దానికి తన కాలి భాష తప్ప మరోటి అర్థం కాదని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవారు.

ఆయన భార్య పళ్ల డాక్టరు. ఒక ఆదివారం మాస్టారు ఎవరికో కారు నేర్పడానికి వెళ్లినప్పుడు, ఆరిన తువ్వాళ్ల కోసం కిందికి దిగింది. ఇల్లు చల్లబడిందేమో, హీటరు తనంతట తానే టక్కుమంది. డాక్టరమ్మ అద్దపు కంతలోంచి తొంగి చూసింది. ముందు చిన్న ఫ్యాను తిరిగి, లోపల నిలిచిపోయిన గాలిని గొట్టంలోంచి బయటికి తోసేసింది. తర్వాత ఓ కడ్డీ కరెంటుతో ఎర్రగా కాలింది. అప్పుడు గ్యాసు తెరుచుకుని నీలం మంట అంటుకుంది. పైనున్న ఇనుము బాగా వేడెక్కాక గానీ పెద్ద ఫ్యాను కదల్లేదు. మొదట్లోనే తిరిగితే ఇంట్లోకి చల్లగాలి వచ్చిపడేది మరి. ఇంతా జరిగితే తన్నినవాళ్లెవరూ లేరు.

ఆమెకు నవ్వాగలేదు. కానీ ఆ సంగతి మొగుడి దగ్గర ఎత్తలేదు. చెబితే పొద్దున్నే ఆయన లేవడం మానేస్తాడు, మీట తిప్పడానికి తను లేవాల్సొస్తుంది. అందుకని మీ కాలికున్న మహిమ నా కాలికెక్కడిదంటూ రోజూ ఆయన్ను మునగచెట్టెక్కించి, తను హాయిగా ముసుగు తన్నేది.

ఏడాదికోసారి హీటరు శుభ్రం చేసే మెకానిక్కు వచ్చినప్పుడు మాస్టారు ఇంట్లో లేరు. తన్నుడు నమ్మకం గురించి డాక్టరమ్మ అతనికి చెప్పి, ఆయన ముందు నిజం బయటపెట్టొద్దని బతిమాలింది. అతను బుర్ర గోక్కున్నాడు.

"సార్‌కి తెలుసు కదా మేడం. పోయినేడాది అంతా చూపించాను. పెద్ద ఫ్యాను తిరగడానికి ఎంతసేపు పడుతుందని రెండుసార్లు అడిగారు కూడా."

అయితే రోజూ అక్కడ ఆయనకేం పని? ఆమె ఆలోచిస్తుండగానే అతను కొత్త ఫిల్టరు అడిగాడు. హీటరు పక్కనున్న ఫిల్టర్ల అట్టపెట్టెలో చెయ్యి పెడితే, అడుగున క్రీము బిస్కెట్ల పొట్లాలు తగిలాయి. మాస్టారి మూడో పన్ను పుచ్చినప్పుడు ఆమె ఇంట్లో నిషేధించిన బిస్కెట్లే అవి.

మర్నాడు పొద్దున ఆయనకంటే ముందే ఆమె లేచింది.

"నువ్వెందుకు? నేను తంతాగా," అన్నారు మాస్టారు కంగారుగా.

"రోజూ మీరే కష్టపడుతున్నారు. ఇవాళ్టినుంచి నేను తంతాను, పడుకోండి."

కింద చిన్న ఫ్యాను మొదలయ్యేసరికి ఆమె పొట్లం విప్పింది. కడ్డీ ఎర్రబడేలోగా ఒకటి అయిపోయింది. మంట అంటుకున్నాక రెండోది నోట్లో వేసుకుంది. హీటరు వెలిగిందా అని పైనుంచి ప్రశ్న. నోరు ఖాళీ లేక ఆమె పలకలేదు. మాస్టారు ఉండబట్టలేక దిగివచ్చి, ఆఖరి మెట్టు మీదే ఆగిపోయారు.

డాక్టరమ్మ తాపీగా నమిలి మింగి, పొట్లం ఆయన వైపు చాపింది.

"తినగానే పళ్లు తోముకోవాలి. ఇద్దరమూ."

మాస్టారు రెండు తీసుకున్నారు.