టీచరమ్మ కూతురు ఏ బళ్ళో?

అంగన్వాడీ టీచరు జయకుమారి దగ్గర ఒక ఉపన్యాసం ఉంది. ఏటా ఏప్రిల్లో, కల్లాల్లో మిరపకాయ ఆరే రోజుల్లో, అది బయటికొస్తుంది. కూతురు మహిమ పుట్టాక దాన్ని కూడా చంకన వేసుకుని ఊరంతా తిరుగుతుంది. ఎర్రకాయలోంచి తాలుకాయ ఏరుతున్న ఆడవాళ్ళ ముందు పిల్లని దించి, కొంగు నడుముకి దోపి మొదలుపెడుతుంది.

"అమ్మా, పసిబిడ్డని ఆటోలో కుక్కి పంపొద్దు. మన సెంటర్లో ఆట ఉంది, పాట ఉంది, గుడ్డుంది, పాలున్నాయి. ఆ ప్లేస్కూళ్ళల్లో ఏముంది, గోడ మీద బొమ్మ తప్ప? డబ్బులిచ్చి మరీ బిడ్డని ఏడిపించుకోవటం ఎందుకు?" ఇక్కడ ఒక పెద్ద నిట్టూర్పు. "ఆలోచించుకో తల్లీ. ఇక నీ ఇష్టం."

ఆ నిట్టూర్పుకే సగంమంది పడిపోతారు. మిరప ఘాటుకి తుమ్ముతూనే తలలూపుతారు.

ఈ ఏడు ఉపన్యాసం ఇంకాస్త గట్టిగా చెప్పాల్సొచ్చింది. పిల్లలు ఇంకా తగ్గితే సెంటర్ని పక్క ఊరి దాంట్లో కలిపేస్తామని సూపర్వైజరు గారు చెప్పి వెళ్ళారు. జయకుమారి గొంతు పెంచింది, నిట్టూర్పు పొడుగు పెంచింది. అందరూ తలూపారు. శ్రీరమ్య ఒక్కతే చేతిలో తాలుకాయ పక్కన పడేసి తలెత్తింది. ఆమె కొడుకు చైతన్యకృష్ణకీ మహిమలాగే మూడేళ్ళు నిండాయి.

"మరి మీ మహిమని మన సెంటర్లోనే వేస్తున్నారా టీచరుగారూ?"

"మరెక్కడ వేస్తానమ్మా?"

"అయితే సరే. మీరు వేస్తే నేనూ వేస్తా. మా తోడికోడళ్ళు కూడా మీ పాప ఎటు పోతే అటే అంటున్నారు."

జయకుమారి ఠీవిగా నవ్వి, పిల్లని ఎత్తుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక మాత్రం చెంపలు వేసుకుంది. ఎందుకంటే అప్పటికే పర్చూరులో కొత్తగా పెట్టిన ప్లేస్కూలు వాళ్ళకి ఫోన్ చేసి, శనివారం వస్తామని చెప్పేసింది మహాతల్లి.

ఆమె గోల ఆమెది. మొన్న ఈస్టరుకి చర్చిలో, గుంటూరు నుంచి వచ్చిన మరిది కూతురు బెల్టూ బూట్లూ వేసుకుని ఇంగ్లీషులో గడగడా ఏదో అప్పజెప్పింది. పక్కనే నిలబడ్డ మహిమ మైకుని నాకింది. ఆ రాత్రి జయకుమారికి నిద్ర పట్టలేదు. తన సెంటరు సంగతి తనకి తెలియదా? సగం పొద్దు ఫోన్లో సర్కారు యాప్‌లోకి పిల్లల ఫొటోలు ఎక్కించడానికే సరిపోతుంది, మిగతా సగం గుడ్లకి. ఇక ఆటెప్పుడు, పాటెప్పుడు? ఉపన్యాసంలో ఉన్నంత ఆటా పాటా సెంటర్లో లేవని ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. గుంటూరు బళ్ళ ఫీజులు అడిగి దణ్ణం పెట్టి ఊరుకుంది. పర్చూరుదైతే తమ తాహతులో ఉంది. "నీ ఇష్టం జయా" అన్నాడు భర్త ఫిలిప్. ఆ మాట అనేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళుమంట, అది తన మాటే అయినా సరే.

శనివారం సెంటర్ని ఆయా సుబ్బరావమ్మకి అప్పజెప్పి, మీటింగుందని చెప్పింది. యూనిఫారం చీర కట్టలేదు. దుమ్మని వంక పెట్టి ముఖానికి చున్నీ చుట్టింది. షేర్ ఆటోలో ఊరివాళ్ళు ఎవరూ లేరని చూసుకుని మరీ ఎక్కింది. ఊరందరికీ వద్దని చెప్పిన ఆటోలోనే, ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య కూతుర్ని కుక్కుకుని బయల్దేరింది.

ప్లేస్కూల్లో ప్లాస్టిక్ గడ్డి ఉంది, జారుడుబల్ల ఉంది, పిల్లలెక్కడానికి పసుపుపచ్చ జిరాఫీ ఉంది. మహిమ ఎక్కి దిగనంది. మేడం మంచి మనిషిలాగే ఉంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "మన దగ్గర ఫీజు తక్కువేనండీ, విడతలుగా కట్టొచ్చు" అంది. జయకుమారి మనసులో మహిమకి అప్పుడే బెల్టు పెట్టేసింది, బూట్లు తొడిగేసింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని, కొడుకుని చంకనేసుకుని శ్రీరమ్య లోపలికొచ్చింది.

ఇద్దరికీ తేలు కుట్టిన దొంగల పరిస్థితి.

"బాబుకి దగ్గండీ. డాక్టరు గారికి చూపిద్దామని..." అంది శ్రీరమ్య.

"నాకు మీటింగమ్మా" అంది జయకుమారి.

జిరాఫీ పక్కన డాక్టరెందుకున్నాడని ఈవిడా అడగలేదు, మీటింగెందుకు పెట్టారని ఆవిడా అడగలేదు. పక్కపక్కనే కూర్చుని గోడ మీద బొమ్మలు చూశారు.

"బేబీ, ఒక రైమ్ చెప్పమ్మా" అంది మేడం మహిమతో.

మహిమ జిరాఫీ మెడ పట్టుకుని ఊగింది. "సెంటర్లో పాడే పాట చెప్పమ్మా" అని తల్లి గుసగుసలాడింది. ఆ పాట పాడి ఎన్నాళ్ళయిందో పిల్లకేం గుర్తుంటుంది? ఈ నెలంతా రోజూ వినేది మాత్రం బాగా గుర్తుంది. మహిమ జిరాఫీ దిగింది. చంకలో పిల్లాడితో ఉన్న శ్రీరమ్యని చూసింది. ఇలాంటి మనిషి ఎదురైతే ఏం చెప్పాలో దానికి తెలుసు. గౌను అంచు పట్టి నడుముకి దోపుకుంది.

"అమ్మా, పసిబిడ్డని ఆటోలో కుక్కి పంపొద్దు" అంది.

జయకుమారి కళ్ళు పెద్దవి చేసి వద్దని సైగ చేసింది.

"మన సెంటర్లో ఆట ఉంది, పాట ఉంది, గుడ్డుంది, పాలున్నాయి. ఆ ప్లేస్కూళ్ళల్లో ఏముంది, గోడ మీద బొమ్మ తప్ప? డబ్బులిచ్చి మరీ బిడ్డని ఏడిపించుకోవటం ఎందుకు?"

నిట్టూర్పు కూడా వదిలింది, తల్లి వదిలినంత పొడుగూ. చివరి ముక్క బయటికి రాకముందే జయకుమారి దాని నోరు మూసేసింది.

మేడం పిల్ల వంకా తల్లి వంకా మార్చి మార్చి చూసింది. "ఎక్కడ నేర్చుకుందండీ ఇంత చక్కగా?" అంది చివరికి.

"మా ఊరి అంగన్వాడీలోనండి" అంది శ్రీరమ్య. "ఈవిడే టీచరు."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డమంటే ఇదే. జయకుమారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పదేళ్ళుగా ఊరికి చెప్పిన మాట పిల్ల నోట వింటే, అందులో తను నమ్మిన ముక్క ఒక్కటీ కనిపించలేదు. క్షమించమని చెప్పి లేవబోయింది.

మేడం ఆపింది. "కూర్చోండి, ఫర్లేదు. మా అమ్మాయి అఖిలని కూడా ఇక్కడ వెయ్యలేదండీ. గుంటూరులో అమ్మమ్మ దగ్గర ఉంచి చదివిస్తున్నా" అంది, గొంతు తగ్గించి.

తిరుగు ఆటోలో తల్లులిద్దరూ పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. ఊరి మలుపు దగ్గర శ్రీరమ్య అడిగేసింది.

"డాక్టరూ లేడు, మీటింగూ లేదు. ఇప్పుడైనా నిజం చెప్పండి టీచరుగారూ. మహిమని ఎక్కడ వేస్తారు?"

జయకుమారి పిల్ల గౌను అంచు సర్దింది. ఒళ్ళో ఉన్న మహిమకి ఇందాక మింగేసిన ముక్క గుర్తొచ్చింది. తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది.

"ఆలోచించుకో తల్లీ. ఇక నీ ఇష్టం" అంది.

సోమవారం పొద్దున్నే జయకుమారి ఫోన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఫొటోలో?" అని సుబ్బరావమ్మ బెదిరిపోయింది. "పన్నెండు తర్వాత" అంది జయకుమారి. రిజిస్టరులో మొదటి పేరు మహిమది రాసింది. మరిచిపోయిన పాట తడుముకుంటూ మొదలుపెట్టింది. రెండో చరణం రాకపోతే మొదటిదే మళ్ళీ పాడింది.

శ్రీరమ్య కొడుకుని తీసుకొచ్చింది. వెంట ఇద్దరు తోడికోడళ్ళు కూడా వచ్చారు, పిల్లల్ని చంక దించకుండా గుమ్మంలోనే నిలబడి చూస్తున్నారు. చైతన్యకృష్ణ లోపలంతా వెతికి, జిరాఫీ లేదని ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. వాడికి మహిమ తోడయింది. గుమ్మంలో పిల్లలు కూడా మూతులు విరుస్తున్నారు.

జయకుమారి కొంగు నడుముకి దోపింది. ఈసారి ఉపన్యాసం చెప్పలేదు. చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి మెడ చాచింది. ముందు మహిమ ఎక్కింది, వెనకాల చైతన్యకృష్ణ ఎక్కాడు. నడుము కలుక్కుమన్నా ఆమె గది చుట్టూ తిరిగింది. గుమ్మంలో ఉన్న పిల్లలు తల్లుల చంకల్లోంచి ఒక్కొక్కరే జారి పరిగెత్తుకొచ్చారు.

"మెడ పొట్టిగా ఉంది టీచరుగారూ" అంది శ్రీరమ్య, నవ్వాపుకుంటూ.

"గవర్నమెంటు జిరాఫీ కదమ్మా" అంది జయకుమారి, ఆయాసపడుతూ. "ఇంతవరకే శాంక్షనయింది."