తక్కువ పడిన రెండు తట్టలు

కుండల్‌వాడిలో శుభాంగి పొద్దున్నే తల దువ్వుకుంటే దోసెడు ఇసుక రాలేది. అత్త శివవ్వ దాన్ని ఊడ్చి తులసి మొదట్లో పోసేది. ఒకరి తలలో పేలుంటాయి, ఒకరి తలలో ఇసుక ఉంటుంది, వింతేముందని ఊరు ఊరుకుంది.

ఆ ఏడు మంజీర ఇసుక రేవులు మూసేశారు. డబ్బిస్తామన్నా ఇసుక లేదు. సిమెంటు, సలాకల ధరలు వారానికో మెట్టెక్కాయి. శుభాంగి మొగుడు సూర్యకాంత్ మోకాలెత్తున ఆగిన కొత్తింటి గోడల మధ్య నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఒకనాడు కూరలో ఉప్పెక్కువైందని పెళ్లాన్ని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. తట్టెడు ఇసుక రాలింది. ఆ తర్వాత కొట్టడానికి ఉప్పు అక్కర్లేకపోయింది.

"మంజీర ఇసుక దీని ముందట దేనికీ పనికిరాదు" అని మెచ్చుకున్నాడు మేస్త్రి రామదాస్. రోజూ పొద్దున, "సేట్, గియ్యాల ఆరు తట్టలు గావాలె" అనేవాడు. సూర్యకాంత్ లోపలికి పోయి తలుపేసేవాడు. కేకలు ఆగేదాకా మేస్త్రి బయట బీడీ తాగేవాడు. ఇసుక ఎర్రగా వస్తే కడిగి వాడేవాడు. శుభ్రమైన మనిషి కదా!

గోడలు కిటికీ మట్టానికి వచ్చేసరికి శుభాంగికి రెండు పళ్లు పోయాయి. లింటల్ వేసేనాటికి ఎడమ చెయ్యి విరిగింది. ధర్మాబాద్ నుంచి తల్లి సుందరబాయి వచ్చి తీసుకుపోతానంది.

"స్లాబు పడనీ వదినె, పంపిస్త" అంది శివవ్వ.

స్లాబు రోజు మేకను కోశారు. పని సగంలో మిక్సర్ ఆగింది. పనివాళ్లు వేపచెట్టు కింద అన్నానికి కూర్చున్నారు.

"రెండు తట్టలు తక్కువ పడ్డయి, సేట్" అన్నాడు రామదాస్.

సూర్యకాంత్ శుభాంగిని కొత్తింటి లోపలికి ఈడ్చుకుపోయి సెంట్రింగ్ చెక్క ఎత్తాడు. మొదటి దెబ్బ నెత్తి మీద పడింది. ఇసుక రాలలేదు. రెండోది వీపు మీద పడింది. అప్పుడూ రాలలేదు. ఆమె నోట్లో రక్తం ఉమ్మేసి లేచింది.

"ఏడికే?"

"నా ఇసుక నేను తీస్కపోత."

ఆమె గడప దాటగానే చిరిగిన జొన్నసంచిలా గోడలు కారిపోయాయి. స్లాబు కూలి, చెక్క పట్టిన చెయ్యి మోచేతిదాకా నలిగింది. శుభాంగి వెనక్కి తిరగలేదు. ఇసుక ఆమె మడమల వెంట ధర్మాబాద్ రోడ్డెక్కింది. జీపులు పక్కకు జరిగి దారిచ్చాయి.

సుందరబాయి జాగాలో ధరలకు భయపడి వదిలేసిన పునాది ఒకటుంది. ఆ ఇసుకతో దాని మీద గోడలు లేచాయి, స్లాబు మిగిలింది. నెల తర్వాత రామదాస్ ఇసుక అడగడానికి, పక్కనే తల్లీకూతుళ్లుంటున్న గుడిసెకొచ్చాడు.

"బిడ్డా, ఊళ్లె పనులన్నీ బందైనయి. నాలుగు తట్టలన్న ఇయ్యి."

"నాకే సాలలే కాకా" అంది శుభాంగి, అతని తలవైపు చూస్తూ. "రెండు తట్టలు తక్కువ పడ్డయి."

రామదాస్ చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. వేళ్లకు ఇసుక తగిలింది.

సుందరబాయి లేచి తలుపేసింది.