బల్లనాటి ట్రే

2024 నవంబరు పదిహేడు, ఆదివారం. కాశీబుగ్గ శివారులోని చిన్న బాప్టిస్టు మందిరపు వెనుకగదిలో, ఆరాధన ముగిశాక కూర్చున్నవారు: పాస్టరు జెర్రీ, కార్యదర్శి దయమ్మ, సంఘపెద్దలు సాల్మన్ రాజు, ప్రభాకరరావు. తేలవలసింది ఒక్కటే: నెలకోసారి జరిగే ప్రభుబల్ల సంస్కారం నాడు అందరికీ పంచే ద్రాక్షారసపు ట్రేను ప్రభాకరరావు ఇక మోయవచ్చునా?

ఏళ్లుగా కుడి వరుసలకు అతనూ, ఎడమ వరుసలకు సాల్మన్ రాజూ మోస్తున్నారు. పాటలో చరణం మారినప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే ముందుకు కదలడం అక్కడి ఆనవాయితీ. ఈ నెల బల్లనాడు వేదిక మెట్టు దిగుతూ ప్రభాకరరావు పడ్డాడు. రసమంతా దయమ్మ తెల్లచీర మీద ఒలికింది.

“ఆ రోజు మెట్టు తడిగా ఉన్నాది,” అన్నాడతను.

“తడేటి బావా! నానూ ఆ మెట్టే దిగినాను గదా,” అన్నాడు సాల్మన్ రాజు.

ఆ మాటకన్నా అతని చెవి వెనుకనున్న బూడిదరంగు వినికిడి మిషను ప్రభాకరరావును ఎక్కువ గుచ్చింది. సాల్మన్ రాజు తనకన్నా పెద్దవాడు. నిరుడు తనకన్నా చెవిటివాడు. ఇప్పుడు పాస్టరు ఎంత మెల్లగా ప్రార్థించినా మొదటి ఆమెన్ అతనిదే. తన ఆమెన్ మాత్రం అందరూ కళ్లు తెరిచాక వస్తుంది, పిల్లలు నవ్వుతారు.

పాస్టరు గొంతు పెంచాడు. “సెవుల డాక్టరుకి సూపించుకోమన్నాను కదండీ. ఇనడానికే తంటాలు పడతంటే అడుగు మీద ద్యాస ఉండదంట. పడిపోతారంట.”

“నాకు బాగానే ఇనబడతాది.”

“అయితే అన్నయ్యా, ఆ రోజు ఏ సరనం దగ్గర పడినావో సెప్పు,” అంది దయమ్మ.

అతను సాల్మన్ రాజు వైపు చూశాడు. సాల్మన్ రాజు మనసు కరిగింది. “పోనీండి, బావనే మొయ్యనీండి. నాను మానేత్తాను, జతగా కదిలే పనుండదు.”

ఓటమి కన్నా ఆ ఔదార్యమే ప్రభాకరరావును మండించింది.

“నీ దానం నాకెందుకు! పాట ఇనబడక, సరనం ఎప్పుడు మారతాదోనని నీ నోరు సూత్తూ దిగినాను. మెట్టు సూడనేదు. సాలా? రాసుకో దయమ్మా, మిషను పెట్టుకునేదాకా ట్రే ముట్టనని.”

దయమ్మ రాసి కాగితం జరిపింది. అతను కలం అందుకొని, సాల్మన్ రాజు చెవివైపే చూస్తూ ఆగాడు.

“నీదానికన్నా సిన్నది దొరుకుతాదేటి?”

“దొరుకుతాది బావా. సెవి లోపలే ఉంటాది, ఎవులికీ కనబడదు.”

“మరి నువ్వెందుకు తీసుకోనేదు?”

“నా సెవుడుకి అది సాలదన్నారు.”

ఆ పూట మొదటిసారి ప్రభాకరరావు ముఖం తేటపడింది. తీరిగ్గా, పూర్తి పేరుతో సంతకం చేశాడు. దయమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచింది.