జవాబు డబ్బా

పుష్పవతి బస్సు దిగి ముసునూరు దారిలోని మామిడితోటలోకి అడుగు పెట్టేసరికి, కాపలా సాంబయ్య అప్పటికే గంప బోర్లించి పైన తన తువ్వాలు పరిచాడు. ఆదివారాల్లో అదే ఆమె కుర్చీ.

నూజివీడులో లెక్చరరు. నలభై దాటాయి. చెంపల దగ్గర నెరుపు, కళ్లజోడు కింద ఎప్పుడూ చెమట. సంబంధాలు చూసేవాళ్లు విసిగి ఊరుకున్నారు గానీ సైకాలజీలో ఆమె పీహెచ్‌డీ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. తోట కాపలావాళ్ల ఒంటరితనం మీద పరిశోధన. ఈ పంతొమ్మిది వందల ఎనభై ఆరు వేసవితో ప్రశ్నలు చాలించి రాయడం మొదలుపెట్టమని గైడు గట్టిగా చెప్పాడు. ఇదే ఆఖరి ఆదివారమని సాంబయ్యతో అనలేక, అడిగిన ప్రశ్నలే మళ్లీ అడుగుతోంది. నూజివీడులో ఆమె వస్తుందని కూర్చునే చోటు సిద్ధం చేసేవాళ్లు ఎవరూ లేరు మరి.

చిలకలు వాలాయి. సాంబయ్య రేకుడబ్బా అందుకుని దడదడా వాయించాడు. అతను కొడితే కాలవ అవతలి తోట కాపలా యలమంద డబ్బా బదులు పలుకుతుంది. ఇద్దరూ కాపలా వదిలి కదలరు. సీజనంతా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మొదటి ఏడు, “ఒంటరిగా అనిపించదా?” అని అడిగితే సాంబయ్య నవ్వేశాడు.

“ఒంటరేంటండీ, యలమంద ఉన్నాడుగా.”

ఒంటరితనం లేదు అని రాసుకుంది.

ఇవాళ అటునుంచి పలకలేదు.

“నిద్రపోయాడేమో,” అంది పుష్పవతి.

సాంబయ్య మళ్లీ కొట్టాడు. చెవి ఒగ్గి నిలబడ్డాడు. తర్వాత డబ్బా, కర్రా ఆమె చేతిలో పెట్టి, “కాస్త కొడతా ఉండండమ్మా, చిలకలు దిగుతాయి,” అని కాలవ దాటి వెళ్లాడు.

ఆమె కొడుతూ కూర్చుంది. అరచేతులు ఎర్రబడ్డాయి. ఎంత కొట్టినా ఎవరూ పలకకపోతే భయమేసింది. ఆ భయం ఆమెకు కొత్తదేం కాదు.

పొద్దు వాలాక సాంబయ్య వచ్చాడు.

“పాకలోనే పోయాడమ్మా. పొద్దుటే అయ్యుంటది. వాళ్లవాళ్లు వచ్చి బండి మీద తీసుకెళ్లారు.”

నేలమీద చతికిలబడ్డాడు. ఎన్నడూ అడగనిది అడిగాడు.

“వచ్చే ఆదివారం వస్తారాండీ?”

“వస్తాను సాంబయ్యా.” గైడుకు ఏం చెప్పుకోవాలో తర్వాత చూసుకోవచ్చు.

బస్సుకు అవతలి తోటలోంచి అడ్డదారి ఉంది. ఆమె కాలవ దాటేసరికి వెనక సాంబయ్య డబ్బా మోగింది. మోగి, ఎప్పటిలాగే బదులు కోసం ఆగింది.

పుష్పవతీ ఆగింది. ఎదురుగా, ఖాళీ పాక పక్కన, వంగిన కొమ్మకు యలమంద డబ్బా వేలాడుతోంది. కర్ర అందులోనే ఉంది.