తిరగబడిన ఏడు

ఈ సంగతి మొదట చెప్పింది జీపు నడిపే బిజ్జా. సోమక్కను బ్యాంకుకు తీసుకుపోయింది, తీసుకొచ్చింది అతనే కాబట్టి అతని మాటే లెక్క. సంతలో మిగతావాళ్ళు చెప్పేదాంట్లో సగం కలిపినవి, సగం మింగినవి.

రాష్ట్రం సరిహద్దు దాటాక మద్దేడు పక్క ఊళ్ళో సోమక్క పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, అంబలి తాగి చేలోకి పోయే మనిషి. ఎడమ చేతి మీద ఎప్పటిదో తేలు బొమ్మ, దాని కింద పచ్చగా నాలుగు అంకెలు. అంకెలు రెండేళ్ళ కిందటివి. పంట అప్పుకు కిసాన్ కార్డు ఇచ్చిన రోజు బ్యాంకువాళ్ళు గట్టిగా చెప్పారు: నంబరు ఎవరికీ చెప్పొద్దు, కాగితం మీద రాసుకోవద్దు, మర్చిపోవద్దు. చదువురాని సోమక్క మూడు మాటలూ తు.చ. తప్పకుండా పాటించింది. దొంగ ఎత్తుకుపోలేనిది, చచ్చినా వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే గదా! సంతలో పచ్చబొట్లు పొడిచే మాసే దగ్గర కూర్చుని, చీటీలో ఉన్నది ఉన్నట్టు చేతి మీదికి ఎక్కించుకుని, చీటీని పొయ్యిలో పెట్టింది. మాసేకూ చదువు రాదు. ఏడును తిరగేసి పొడిచింది. మిషను ముందు సోమక్క మెడ వంచి ఆ ఏడును పోల్చుకునేది.

మృగశిర కార్తె ముందటి సంతకు పోయొచ్చింది. మర్నాడు చేతులు కడుక్కుంటుంటే తేలు ఉంది, అంకెలు లేవు. ఆ చోట చర్మం పసిపిల్ల చర్మంలా ఉంది.

కోడలు హిడ్మే చేయి తిప్పి చూసింది. "నీ చేతి మీద నంబరు చూసి ఎవడో వాడిండు అత్తా. కార్డు చూడు."

ఎవరి పచ్చబొట్టు వాళ్ళే వాడుకోవాలి. ఇంకొకరు వాడుకుంటే అది లేచి వాళ్ళ ఒంటి మీదికి పోతుంది. ఆ వైపు పిల్లలకు కూడా తెలిసిన మాటే. సంచి అడుగున బ్లేడు గాటు ఉంది. కార్డు లేదు.

బ్యాంకు కౌంటరులో ఉదయశ్రీ అనే తెలుగు పిల్ల, కిరందుల్ గని కాలనీలో పెరిగింది. ముందు కార్డు ఆపేసింది. తర్వాత తెర మీద చూసి చదివింది. "ఒక ఫోను, ఒక ఫ్రిజ్జు, బండికి రెండు టైర్లు, అరవై ప్లేట్ల బిర్యానీ."

"అరవయ్యా! ఎవరిదే బిడ్డా ఆ పెళ్ళి? నన్ను పిలవనే లేదు" అంది సోమక్క. అంది గానీ నవ్వలేదు. కార్డులో మిగిలింది విత్తనాలకు కూడా చాలదు. వాన ఇయ్యాలో రేపో అన్నట్టుంది. విత్తు పడకపోతే ఆ ఏడాది ఇంట్లో గింజ ఉండదు.

మేనేజరు చక్రధరరావు కాగితాలు తిరగేశాడు. "పిన్ కొట్టి కొన్నారమ్మా. పిన్ బయటపెట్టింది మీరు. కట్టాల్సిందీ మీరే."

"ఎవ్వరికీ చెప్పలే సారు. ఇక్కడుండె, పోయింది."

మేనేజరు కళ్ళజోడు సర్దుకుని చేయి చూశాడు. "ఇక్కడ ఉండేదని రుజువేంటి?"

ఉదయశ్రీ హిందీలో ఫిర్యాదు రాసి, సోమక్క వేలిముద్ర వేయించుకుంది. "అవ్వా, ఆ నంబరు ఎవరి చేతి మీదైనా కనబడితే నాకు కబురు పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

మళ్ళీ సంత వచ్చింది. మాసే సూదులు పరుచుకుని కూర్చుంది. అంత ఎండలో నిండు చేతుల చొక్కా వేసుకున్న మనిషొకడు వచ్చి ముందు కూలబడ్డాడు.

"దీని మీద పువ్వు పొడువు అవ్వా. కనబడొద్దు."

చొక్కా చేయి పైకి మడిచాడు. హిడ్మే రెండేళ్ళుగా ఎగతాళి చేస్తున్న అత్త తిరగబడిన ఏడు అక్కడుంది.

"ఎప్పటిదయ్యా ఇది?"

"చిన్నప్పటిది."

"చిన్నప్పటిదైతే నీతోటి పెరగలేదేంది? నిన్న పొడిచినట్టుంది." మాసే సూది తీసింది. "ఒక్క పువ్వుకు దాగదు. తీగ వెయ్యాలె, భుజం కాడినుంచి."

పక్కనే ఆకు దొన్నెలు అమ్ముతున్న హిడ్మేకు దోర్లీలో రెండు ముక్కలు చెప్పింది. అతనికి దోర్లీ రాదు. హిడ్మే దొన్నెలు వదిలేసి, సోమక్కనూ ఉదయశ్రీనీ తీసుకురావడానికి బిజ్జా జీపెక్కింది. మాసే అంత మెల్లగా ఎన్నడూ పొడవలేదు. జీపు తిరిగొచ్చేసరికి పదకొండు ఆకులు అయ్యాయి. చేయి వాచిపోయింది. అంకెల జోలికి సూది ఇంకా పోనేలేదు.

సోమక్క తన చేయి అతని చేతి పక్కన ఆనించింది. ఖాళీకి, అంకెలకు కొలత సరిపోయింది. ఉదయశ్రీ ఫొటో తీసింది. సంత ఆడవాళ్ళు చుట్టూ నిలబడితే ఆ మనిషి ఎటు కదలగలడు? ఠాణావాళ్ళు వచ్చేలోపే బిర్యానీతో సహా ఒప్పుకున్నాడు.

"ఇది రుజువు" అన్నాడు మేనేజరు ఫొటో చూసి. నాలుగో రోజుకు పోయిన డబ్బంతా కార్డులోకి తిరిగొచ్చింది. ఆరో రోజు వాన పడింది. ఏడో రోజు సోమక్క విత్తింది.

ఉదయశ్రీ నంబరు మార్పించింది. పాతది ఎందుకూ పనికిరాకుండా అతని చేతి మీదే ఉండిపోయింది. కొత్తది సోమక్క ఎక్కడ దాచిందో బిజ్జాకు కూడా చెప్పలేదు.

కొత్తల పండుగకు సోమక్క కొత్త బియ్యం తెచ్చి, ఇంట్లో ఎవరూ తినకముందే, మొదటి సోలెడు మాసే ఒళ్ళో పోసింది.

"నువ్వు తప్పు పొడిచినవు గాబట్టి నేను బతికిన్నే."

"తప్పేందే? ముప్పై ఊళ్ళల్ల నా సూదికి తప్పు లేదు."

"సరే తల్లీ, ఒప్పే."

ఇద్దరూ నవ్వారు. సోమక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, మాసే రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఉదయశ్రీకి సీసాడు అడవి తేనె పంపింది.

ఇప్పుడు బ్యాంకు గోడకు ఒక ఫ్రేము వేలాడుతోంది. మేనేజరు చాకచక్యంతో మోసం బయటపడిందని హిందీలో అచ్చయి ఉంది. చక్రధరరావు ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు. జీపులో ఎవరెవరు ఎక్కారో బిజ్జాకు తెలుసు. హిందీ రాయడం వచ్చినవాళ్ళెవరైనా అటు వెళ్తే ఆ ఫ్రేము దించి, ఆయన పేరు కొట్టేసి, మాసే అని రాయండి. దాని కింద ఉదయశ్రీ. పెన్సిలుతో కాదు, చెరిపేస్తారు.