ఆమె అనని మాట

ఆ ఆంగ్లికన్ చర్చి పాస్టరుగారు ఎనిమిది సువార్త పుస్తకాలు రాశారు. ఎనిమిదింటినీ టైపు చేసింది ఒకావిడే. తొమ్మిదోది మాత్రం ఆయన వేరేచోట చేయించారు. మిల్లులో బాయిలర్ పేలి భర్త పోయిన బాధలో ఉన్నానని తనకు ఆ పని చెప్పలేదు కాబోలు అనుకుందావిడ.

అచ్చయిన ఆ పుస్తకాన్ని పక్కింటి అమ్మాయి పట్టుకొచ్చింది. అదే పేలుడులో ఆ పిల్ల అన్నకు రెండు కళ్ళూ పోయాయి.

"మిల్లు యజమాని ఇంటింటికీ పంచుతున్నాడు వదినా. నువ్వు శవం దగ్గరే ఆయన్ని క్షమించేశావటగా? నువ్వే క్షమించాక మనకెందుకులే అని అన్నయ్య ఆయన మీద పెట్టిన కేసు వెనక్కి తీసుకుంటానంటున్నాడు."

ఆవిడ తన గురించి రాసిన అధ్యాయం నిలబడే చదివింది. అన్నీ తను అనని మాటలే. ఒళ్ళు మండిపోయి నేరుగా పాస్టరుగారి గదికి వెళ్ళింది.

"నేనెప్పుడన్నాను అయ్యగారూ ఈ మాట?"

"ఆ రోజు నీ మౌనం చూసి అలా అనుకున్నానమ్మా. ఎంతమందికి ఆదర్శమయ్యావో చూడు."

"నోట మాట రాక కూర్చున్నానండీ. దాన్ని క్షమించడం అనరు."

"అచ్చయిపోయింది కదమ్మా" అంటూ ఆయన ఆదివారం ప్రసంగం టైపు చేయమని ఇచ్చారు.

ఆవిడ తీసుకుంది. కాగితం మీద ఏముంటే అదే ఆయన చదువుతారని, ముందుగా తిరగేసే అలవాటు లేదని ఆవిడకు పదకొండేళ్ళుగా తెలుసు. నాలుగో పేజీ తీసేసి తన పేజీ పెట్టింది. ఒక్కో అక్షరాన్నీ కసిగా కొట్టింది.

ఆదివారం యజమాని ముందు వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు నాలుగో పేజీకి వచ్చారు.

"వాల్వు పాడైందని నా భర్త మూడుసార్లు చెప్పాడు. పని ఆపడానికి వీల్లేదన్నాడు యజమాని. అతన్ని నేను క్షమించలేదు. క్షమించానని రాసిన..."

ఆయన చదవడం ఆపేశారు. తలెత్తి చూస్తే ఆవిడ వెనక వరసలో లేచి నిలబడి ఉంది. చేతిలో అదే పేజీకి మరో ప్రతి. ఆయన చదవకపోతే తానే చదువుతుంది.

"...క్షమించానని రాసిన పాస్టరుగారినీ క్షమించలేదు" అని ఆయనే పూర్తి చేశారు. కాగితం పక్కన పెట్టి, "ఆ అబద్ధం నాది. కోర్టులోనూ ఇదే చెబుతాను" అన్నారు.

యజమాని విసురుగా బయటికి నడిచాడు. అతను గుమ్మం దాటేదాకా ఆవిడ చూపు తిప్పలేదు.

ఆరాధన ముగిశాక పాస్టరుగారు దగ్గరికొచ్చారు. "నన్నయినా..."

"అది మాత్రం అడక్కండి. ముందు సాక్ష్యం చెప్పిరండి."

ఆయన చెప్పారు. పక్కింటి అబ్బాయి కేసు వెనక్కి తీసుకోలేదు, అది నిలబడింది. యజమానికి జైలుశిక్ష పడిన రోజు ఆవిడ కోర్టులో ముందు బల్ల మీదే కూర్చుంది. అతన్ని తీసుకెళ్తుంటే కళ్ళారా చూసి, కడుపు చల్లబడి ఇంటికెళ్ళింది. పాస్టరుగారి పుస్తకాలు మళ్ళీ టైపు చేయలేదు.

పాఠకులారా, క్షమించడమో మానడమో దెబ్బ తిన్నవాళ్ళ ఇష్టం. వాళ్ళ తరఫున మనం క్షమించేస్తే, అది వాళ్ళను రెండోసారి కొట్టడమే.