ఇంటి బాధ్యుల సంతకం

"ఫ్రీజర్ నిండిన రోజు పెన్ను తీస్తాలే" అన్నాడు సఫ్రిజల్.

నవ్వుతూనే అన్నాడు. మా ఆయన ఏదన్నా నవ్వుతూనే అంటాడు. అందుకే కాఫీ కొట్టు దగ్గర డొమినో ఆడే వాళ్ళందరికీ ఆయన మంచివాడు. నేనప్పుడు తొమ్మిదో కొబ్బరికాయ తురుముతున్నాను. బొటనవేలు చెక్కుకుపోయి తురుములో ఎర్రగా ఒక చుక్క పడితే, అది తీసి పారేసి మళ్ళీ తురుముతున్నాను. ఫ్రీజర్లో అప్పటికి పదిహేడు డబ్బాలున్నాయి. ఒక్కో డబ్బా మీద ఒక్కో వారం రాసి ఉంది. సెప్టెంబర్ మొదటి వారం, రెండో వారం, అలాగ. నేను పోర్చుగల్లో ఉండేది ఇరవై రెండు వారాలు. ఇంకా ఐదు డబ్బాలు. శనివారం వండే మాంసం కూర రెండాంగ్‌తో అవీ నిండుతాయి.

ఈ ఫ్రీజర్ గొడవ ఎక్కడ మొదలైందో చెప్తాను. రెండేళ్ళుగా నేను పాదాంగ్‌లో శని, ఆదివారాలు బిజినెస్ స్కూల్లో చదువుతున్నాను. తెల్లవారుజామున మా ఊరు పయకుంబులో బస్సెక్కి, నాలుగు గంటలు కూర్చుని, క్లాసు విని, మర్నాడు సాయంత్రం మళ్ళీ నాలుగు గంటలు. ఆ బస్సులోనే ఇంగ్లిషు పరీక్షకు చదివాను. ఒక సెమిస్టర్ విదేశంలో చదివిరావడానికి మా బ్యాచ్‌లో ఇద్దరిని ఎంపిక చేశారు. ఒకరు నేను, ఇంకొకరు ఫదిల్. స్కాలర్‌షిప్ వాళ్ళే ఇస్తారు. ఫదిల్ ఇవ్వాల్సిన కాగితాలు నాలుగు. నేను ఇవ్వాల్సినవి ఐదు. ఐదోది "ఇంటి బాధ్యుల సమ్మతి పత్రం". కింద రెండు గళ్ళు. ఒకటి బాధ్యుల పేరు, సంతకం. రెండోది, దరఖాస్తుదారుకు వారు ఏమవుతారు. పక్కన స్టాంపు అంటించే చోటు.

"ఇదేమిటి మేడమ్, ఫదిల్‌కి లేదే?" అని మా స్కూలు ఆఫీసులో యెత్తి మేడమ్‌ని అడిగాను.

"పెళ్ళయిన ఆడవాళ్ళకే అమ్మా."

"ఫదిల్‌కీ పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు."

"ఆయన వెళ్తే ఇంట్లో ఏమాగిపోతుంది చెప్పు? నువ్వు వెళ్తే ఆగిపోతుంది. ఇంటికి బాధ్యులెవరో వాళ్ళ చేత ఒక సంతకం పెట్టించుకురా. అంటే మీ ఆయన చేతే. నెలాఖరు సోమవారం కల్లా ఇవ్వాలి" అంది. ఆవిడ చెడ్డది కాదు. తనూ సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్ళి వండుకునే మనిషే. నేను ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. బాధ్యులంటే మా ఆయనే అని ఆవిడ ఎంత సులువుగా అందో, నేనూ అంత సులువుగానే ఒప్పుకున్నాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకంటే మేం మినాంగ్ తెగ వాళ్ళం. మాలో ఇల్లు ఆడవాళ్ళది. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు, నా నుంచి నా కూతురు జిహాన్‌కు. పెళ్ళయ్యాక పెట్టె పట్టుకుని అత్తింటికి వచ్చేది మగవాడు. ఇది విని వేరే దీవుల ఆడవాళ్ళు "మీకేమమ్మా, మహారాణులు" అంటారు. మహారాణి సంగతి చెప్తాను వినండి. ఇల్లు నాది కాబట్టి పైకప్పు కారితే మేస్త్రీని పిలిచేది నేను. ఇల్లు నాది కాబట్టి అమ్మ మోకాళ్ళకు నూనె రాసేది నేను. చుట్టాలొస్తే వండేది, చావుకొచ్చినవాళ్ళకు చాపలు పరిచేది, జిహాన్ స్కూలు మీటింగులకు వెళ్ళేది నేను. సఫ్రిజల్ మాత్రం పదిహేనేళ్ళుగా ఒకే మాట అంటాడు. "నేను ఈ ఇంటికి అతిథిని." కప్పు కడగమంటే అతిథి. పిల్లకు జ్వరమొస్తే అతిథి. గుమ్మంలో చెప్పులు వరసగా పెట్టమన్నా అతిథే. మా అమ్మ కూడా ఆయన్ని అలాగే చూసుకుంటుంది. అల్లుడి మనసు నొచ్చుకుంటే అత్తింటికే తలవంపులని ఆవిడ భయం. "అల్లుడుగారూ, కాఫీలో పంచదార సరిపోయిందా?" అని రోజూ అడుగుతుంది. ఈ పదిహేనేళ్ళలో ఆయన్ని ఒక్కసారి కూడా నువ్వు అనలేదు.

ఎంపికైన సంగతి చెప్పగానే అమ్మ మామయ్యను పిలిపించింది. మా కుటుంబంలో పెద్ద ఆయనే, అమ్మ తమ్ముడు. శుక్రవారం నమాజ్ అయ్యాక వచ్చి, నేను వేయించిన అరటికాయలు ఐదు తిని, వేళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాడు.

"మీ అన్న జకార్తా వెళ్తే నేనే బస్సెక్కించాను. కాదన్నానా?"

"లేదు మామయ్యా."

"మగాడు ఊరు వదిలి వెళ్ళాలి. మన ఆచారమే అది. నీ సంగతి అలా కాదే అమ్మా. ఇల్లు నీది. ఇల్లున్న మనిషి ఎక్కడికి పోతుంది?"

"ఐదు నెలలే మామయ్యా. ఇల్లు ఎక్కడికీ పోదు."

"చూశావా అక్కా, చదువు బాగానే వచ్చింది దీనికి" అని అమ్మ వైపు తిరిగి నవ్వాడు. "సరే, మీ ఆయన ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

అలా ఇల్లు నాదే అని చెప్పి, ఆ ఇంట్లోంచి నేను వెళ్ళొచ్చా లేదా అన్నది మాత్రం అతిథి చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ అతిథి పెట్టిన షరతే ఈ ఫ్రీజర్, నేనుండని ప్రతి వారానికీ ఒక డబ్బా.

నేను పనిచేసే సహకార సంఘంలోనూ ఇదే వరస. ఆడవాళ్ళు కర్రపెండలం చిప్స్ చేసి అమ్ముకునే సంఘం అది. నూట నలభై మంది ఆడవాళ్ళు, ఛైర్మన్ మాత్రం మగాడు. మా సరుకు విదేశాలకు ఎలా పంపాలో నేర్చుకుని వస్తానంటే "పోర్చుగల్ వాళ్ళకు కర్రపెండలం తినిపిస్తావా ఇతా! వెళ్ళేముందు మాకిన్ని కాఫీలు ఇచ్చి వెళ్ళు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాఫీలు ఇచ్చాను. ఇవ్వకుండా ఉండొచ్చు కదా అని మీరనుకుంటారు. ప్రతి కప్పు దగ్గరా పోట్లాడే ఓపిక ఏ మనిషికీ ఉండదు.

అసలు సిద్ధం కావడమంటే ఏమిటో ఫదిల్‌ని చూశాను. రోజూ గ్రూపులో ఏదో ఒకటి పెట్టేవాడు. కొత్త సూట్‌కేసు, కొత్త బూట్లు, వెళ్ళబోయే ఊళ్ళో వంతెన మీద సూర్యాస్తమయం. చివర్న వాళ్ళావిడ దారికోసం వండిన రెండాంగ్. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళకు మా వైపు రెండాంగ్ వండి కట్టిస్తారు. కొబ్బరిపాలు ఇగిరి, మాంసం నల్లబడేదాకా ఏడెనిమిది గంటలు కలపాలి. ఇక నెలైనా పాడవదు. నాన్నకు, అన్నకు, మేనమామలకు అమ్మ కలిపింది. అమ్మ భుజం పట్టేశాక నేను కలిపాను. ఇప్పుడు వెళ్ళేది నేను. వండుతున్నదీ నేనే. అది కూడా ఇంట్లో ఉండేవాళ్ళకు. నేను సిద్ధమవడమంటే ఇది. పాస్‌పోర్టు ఫోటో మాంసం కొట్టుకు వెళ్ళే దారిలో దిగాను. బీమా కాగితాలు అన్నం ఉడికే లోపల నింపాను. అక్కడ చదవాల్సిన సబ్జెక్టుల పట్టిక మీద పసుపు మరక పడితే అలాగే స్కాన్ చేసి పంపాను. సంతలో కొన్న పాత చలికోటు ఇంకా ఉతకనే లేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి పోర్చుగల్ స్కూలువాళ్ళ ఆన్‌లైన్ మీటింగ్. అప్పుడు అక్కడ ఉదయం పది. ఆ వారం పాదాంగ్‌లో క్లాసులు లేవు. మీటింగుకు హాజరు కాకపోతే సీటు వేరేవాళ్ళకు వెళ్ళిపోతుందని ఉత్తరంలో లావుపాటి అక్షరాలతో రాశారు. అందుకే ఏడింటికల్లా పొయ్యి మీద పెట్టేద్దామనుకున్నాను. మాంసం తెస్తానని ఆరింటికి వెళ్ళిన సఫ్రిజల్ పదిన్నరకు వచ్చాడు. "మధ్యలో ఆట ఎలా వదిలేస్తాం ఇతా, నలుగురం కూర్చుంటే" అన్నాడు. మిరపముద్ద నూరాను, పసుపాకు, నిమ్మాకు వేశాను, పెద్ద మూకుడులో కొబ్బరిపాలు పోసి గరిట పట్టుకున్నాను. పన్నెండయింది. రెండయింది. గరిట నా చేతికి అంటుకుపోయినట్టుంది. ముప్పై ఏడేళ్ళ నడుము, డెబ్బై ఏళ్ళ దానిలా లాగుతోంది. మూడున్నరకు నూనె తేలి అడుగు పట్టడం మొదలైంది. ఇక అక్కడినుంచి గరిట ఆపకూడదు. ఆపితే మాడిపోతుంది.

నాలుగింటికి ఐదు నిమిషాలుంది. అమ్మ వెనక గదిలో పడుకుంది. సఫ్రిజల్ వంటింటి బల్ల మీద కూర్చుని ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తున్నాడు.

"ఉడా" అన్నాను. మేం భర్తను అలా పిలుస్తాం. "ఒక్క ముప్పావు గంట గరిట పట్టుకో. మీటింగ్ ఉంది."

"నేనా? మీ వంటింట్లోనా?"

"కలపడమే. వేరే ఏం చెయ్యక్కర్లేదు."

"అత్తయ్యగారు చూస్తే ఏమనుకుంటారు? అల్లుడి చేత వండిస్తున్నారని నలుగురూ అనుకోరూ?" ఫోన్ మీంచి తల ఎత్తకుండా నవ్వాడు. "వాళ్ళనే ఓ గంట ఆగమను. పోర్చుగల్ ఎక్కడికి పోతుంది?"

జిహాన్ ముందుగదిలోంచి కేకేసింది. "అమ్మా, పిలుస్తున్నారు! నీ పేరొచ్చింది!"

ఫ్రీజర్ నిండాలి, లేకపోతే సంతకం లేదు. మీటింగుకు వెళ్ళాలి, లేకపోతే సీటు లేదు. గరిట మూకుడులో నిలబెట్టాను. గుడ్డకు చెయ్యి తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళి జిహాన్ పక్కన కూర్చున్నాను. మంట తగ్గించలేదు. మరిచిపోయానని తర్వాత అందరికీ చెప్పాను. మీకు మాత్రం నిజం చెప్తున్నాను, మరిచిపోలేదు.

తెర మీద పదిహేను మొహాలు. కళ్ళజోడు పెట్టుకున్న టీచరు ఒకావిడ ఒక్కొక్కరినీ అడుగుతోంది. ఏం చదువుకున్నారు, ఇక్కడ ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు. నా వంతు వచ్చింది. నేను కర్రపెండలం గురించి మొదలుపెట్టాను. నూట నలభై మంది, సీలు చేసే మిషను, తేమకు మెత్తబడిపోయే సరుకు. ఆవిడ కళ్ళజోడు తీసి ముందుకు వంగి వింది. నేను పనిచేసే చోట మాట్లాడితే ఇలా వంగి విన్నవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడే వాసన మొదలైంది.

"ఇతా!" అన్నాడు సఫ్రిజల్ వంటింట్లోంచి. "మాడుతోంది!"

నేను తేమ శాతం చెప్తున్నాను.

"ఇతా! నీ రెండాంగ్ మాడుతోంది! వినపడుతోందా? ఇతా!"

పొయ్యి ఆయనకు రెండడుగుల దూరంలో ఉంది. నేను ఒక గోడ అవతల ఉన్నాను. ఆ కేకకు పక్కింటి వాళ్ళు కిటికీ తెరిచారు. జిహాన్ నా మొహంలోకి చూసింది, లేస్తానేమో అని. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "ఏదైనా ఇబ్బందా?" అని ఆ టీచరు అడిగింది. "లేదు, వంట" అన్నాను. ఆవిడ "చెప్పండి" అంది. చెప్పాను. మొత్తం చెప్పాను.

మీటింగ్ అయ్యాక వంటింట్లోకి వెళ్తే గదంతా పొగ. పొయ్యి ఆర్పింది అమ్మ. మోకాలు పట్టుకుంటూ నిలబడి మూకుడు అడుగు గీకుతోంది. సఫ్రిజల్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మొహంలో మొదటిసారి నవ్వు లేదు.

"ఎంత మాంసం! నీకు ఇల్లు పట్టదు, మొగుడు పట్టడు, పిల్ల పట్టదు. ఇక సంతకం సంగతి మరిచిపో."

అమ్మ గీకడం ఆపింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"సఫ్రిజల్" అంది, ఆయన వైపు తిరిగి. "పక్కనే కూర్చున్నావు. నీకు ముక్కు లేదా? చెయ్యి లేదా?"

పదిహేనేళ్ళ తర్వాత అమ్మ ఆయన్ని నువ్వు అంది. ఆయన చెప్పులేసుకుని కాఫీ కొట్టు వైపు వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. "పైపైన బాగానే ఉంది. రెండు డబ్బాలవుతుంది" అంది నాకు కాదన్నట్టు. గీకుతూనే, "నేనుంటాను కదా. పిల్లకింత అన్నం వండలేనా? ఆయన కూడా తినాలంటే వచ్చి గరిట పట్టుకుంటాడు" అంది. అప్పటికీ నేను వెళ్ళడం ఆవిడకు ఇష్టం లేదు. ఆ గొంతులోనే తెలుస్తోంది.

నేను సంచిలోంచి ఐదో కాగితం తీశాను. బల్ల మీద నూనె తుడిచి పరిచాను. ఈ ఇంటికి బాధ్యులెవరు? మేస్త్రీని అడగండి. జిహాన్ స్కూలు టీచర్ని అడగండి. అమ్మ మోకాళ్ళని అడగండి. సోమవారం యెత్తి మేడమ్ ఈ కాగితం చూసి తల పట్టుకుంటుంది. వెనక్కి ఇస్తుందేమో కూడా. ఇస్తే మళ్ళీ తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీదే పెడతాను. ఎన్నిసార్లయినా పెడతాను.

స్టాంపు నాలుకతో తడిపి అంటించాను. బాధ్యుల పేరు అన్న గడిలో నా పూర్తి పేరు "నోఫ్రితా" అని రాసి, స్టాంపు మీదుగా సంతకం చేశాను.

దరఖాస్తుదారుకు వారు ఏమవుతారు, అన్న గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాశాను.

"నేనే."